పొట్టేలు కొమ్ముల సైకిలు

విడపనకల్లు నుంచి బళ్ళారికి పోయే బస్సుల డ్రైవర్లందరికీ ఇమ్మానుయేలు తెలుసు. ఆదివారం ప్రార్థన ముగియగానే తన నల్ల సైకిలెక్కి బస్సుతో పోటీగా తొక్కుతా వచ్చే మనిషి ఆ దావలో అతనొక్కడే. బస్సు ఊరూరా ఆగేది. అతను ఆగేవాడు కాదు. బళ్ళారి బస్టాండు చేరేసరికి ఒక్కోసారి అతనే ముందుండేవాడు. అక్కడ నిలబడి ఒక టీ తాగి, వచ్చిన దావనే వెనక్కి తిరిగేవాడు.

"ఏం పనుండాదని పోయినావు?" అని భార్య అంజలి అడిగేది.

"పనేం లేదు. ఊరికే పోయొచ్చినా."

"వారమంతా తొక్కేది చాల్లేదా నీకి?"

వారమంతా తొక్కడం అతని ఉద్యోగం. ఇమ్మానుయేలు పల్లెల పోస్టుమ్యాను. టపా సంచి భుజానేసుకుని సొంతూరు నల్లదిన్నెతో కలిపి ఐదూర్లు తిరగాల. చెట్టూ చేమా లేని నల్లరేగడి నేల. ఆషాఢం గాలి మొదలైతే మనిషిని నిలబెట్టి వెనక్కి నూకుతుంది. తక్కిన వాళ్ళు సైకిలు దిగి నడిపించుకుంటా పోయే చోట అతను తల వంచి, పళ్ళు బిగించి, అట్లాగే తొక్కేవాడు. విడపనకల్లులో సైకిలు షాపు పెట్టుకున్న తిమ్మన్న గొలుసుకు నూనె వేస్తా అడిగినాడొకసారి, "ఎందుకప్పా ఇంత కష్టం?" అని. "ఎదురుగాలి ఉంటేనే తిమ్మన్నా తొక్కినట్టుంటాది. లేకుంటే కుర్చీలో కూచున్నట్టే" అన్నాడు ఇమ్మానుయేలు. తిమ్మన్న నవ్వి, "నీకి పిచ్చి ముదిరింది" అన్నాడు.

రెండువేల నాలుగు జనవరిలో ఆ దావన పన్నెండు మంది తెల్లదొరలు సైకిళ్ళ మీద వచ్చినారు. బెల్జియం దేశంవాళ్ళు. కరువు సీమలకు చందాలు పోగుచేసే సంస్థ ఒకటి పెట్టుకుని, తాము సాయం చేసే ఊర్లను సైకిళ్ళ మీద చూసుకుంటా పోతున్నారు. వాళ్ళ వెనకాల జీపులో రాఘవేంద్ర ఉన్నాడు. నల్లదిన్నెలో పెద్ద సేద్యం ఉన్న ఇంటి కొడుకు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, ఒక కాలు రాజకీయంలో, ఇంకో కాలు ఈ సంస్థలో పెట్టుకున్నవాడు. సంస్థ తరఫున ఇక్కడి పనులన్నీ అతనివే. సంస్థ జీపు కూడా అతని ఇంటి ముందరే ఉండేది.

ఇమ్మానుయేలు అప్పుడే చివరి ఊరి టపా ఇచ్చి ఖాళీ సంచితో వెనక్కి వస్తున్నాడు. సన్న చక్రాల సైకిళ్ళు పన్నెండు జుయ్యిమని పక్కన పోయినాయి. అతని కాళ్ళు అతన్ని అడగలేదు. ఉరవకొండ దాకా ఇరవై కిలోమీటర్లు ఆ గుంపును విడవకుండా తొక్కినాడు. గుంపుకు ముందు పోతున్న అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆ నల్ల సైకిలు అక్కడే ఉండేది. ఆ మనిషి పేరు లూక్. సంస్థకు పెద్ద. వాళ్ళ ఊర్లో రొట్టెల అంగడి నడిపి, అది కొడుక్కు అప్పజెప్పి సైకిలు పట్టుకున్నవాడు.

ఉరవకొండ టీ హోటలు కాడ ఆగినాక లూక్ వచ్చి ఇమ్మానుయేలు సైకిలును రెండు చేతులతో ఎత్తి చూసి, బరువుకు మూలిగి దించినాడు. ఏదో అడిగినాడు.

"ఇది సైకిలా ఎద్దుల బండా అంటాండాడు" అన్నాడు రాఘవేంద్ర. "ఇంత బలంగా తొక్కేది నీకెవరు నేర్పించినారు అంటాండాడు."

ఎవరూ నేర్పలేదని చెప్పి ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆ ముసలాయన కళ్ళలో ఏదో నిజమైన ఆసక్తి కనిపించింది. ఇమ్మానుయేలు ఇంటి బయట ఎవరికీ చెప్పుకోని సంగతి చెప్పినాడు.

రెండేళ్ళ కిందట, ఆషాఢంలో, అతని కూతురు సలోమికి జరమొచ్చింది. ఐదేళ్ళ బిడ్డ. మూడు దినాలు మాత్రలు మింగించినారు. నాలుగో పొద్దు తెల్లారేసరికి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నల్లదిన్నెకు సాయంత్రం దాకా బస్సు లేదు. ఇమ్మానుయేలు పరిగెత్తి రాఘవేంద్ర ఇంటికి పోయినాడు. జీపు గడప ముందరే ఉంది, డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. "బండి గుంతకల్లు టేషనుకు పోవాలప్పా, దొరలు దిగుతాండారు. వాళ్ళను తెచ్చినాక పంపిస్తా" అన్నాడు రాఘవేంద్ర. ఇమ్మానుయేలు ఇంటికొచ్చి అంజలిని క్యారియరు మీద ఎక్కించి, ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి, బళ్ళారి పెద్దాసుపత్రికి బయల్దేరినాడు. నలభై కిలోమీటర్లు. ఎదురుగాలి. ఇంకా పదిహేను కిలోమీటర్లుందనగా అంజలి వెనక నుంచి, "నిదానంగా పోయ్యా" అనింది.

"యాల?"

"ఇంగ తొందర లేదు" అనింది.

ఇదంతా చెప్పినాడు. జీపు ఎవరిదో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎదురుగానే టీ తాగుతున్నాడు. "ఆ పొద్దు జీపు దొరకలేదు" అని మాత్రం అన్నాడు. రాఘవేంద్ర గ్లాసులోకి చూస్తా చాలాసేపు ఇంగ్లీషులో చెప్పినాడు. లూక్ కళ్ళు నిండినాయి. టపా సంచితో సహా ఇమ్మానుయేలును కౌగిలించుకుని పసిబిడ్డ మాదిరి ఏడ్చినాడు. సలోమి కోసం ఇంటివాళ్ళు కాక ఏడ్చిన మొదటి మనిషి అతనే. ఆ పొద్దు ఇంటికొచ్చి ఇమ్మానుయేలు అంజలితో, "వాళ్ళు మనుషులు" అన్నాడు. వారం తర్వాత రాఘవేంద్ర వచ్చి సలోమి ఫోటో ఒకటి కావాలన్నాడు. లూక్ తన ఇంట్లో పెట్టుకుంటాడంట. ఉన్నది ఒకటే ఫోటో, బళ్ళారి స్టూడియోలో తీయించింది. అంజలి దాన్ని పెట్టె అడుగు నుంచి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

మరుసటేడు జనవరిలో లూక్ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చినాడు. విప్పితే లోపల తెల్లని సైకిలు. ఒంటి చేత్తో ఎత్తితే లేచింది. బొటనవేలంత సన్నని చక్రాలు, ఇరవై గేర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు. చూడడానికి ఊరంతా వచ్చింది. సేద్యగాడు ఈరన్న హ్యాండిలు పట్టుకుని చూసి, "ఏమప్పా, దీనికి పొట్టేలు కొమ్ములు పెట్టినారే!" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

పొట్టేలు మచ్చిక కావడానికి నెల పట్టింది. దాని ట్యూబు మూతి సూదంత సన్నం, తిమ్మన్న పంపు దానికి పట్టలేదు. పాత స్టవ్వు పంపు నుంచి ఇత్తడి ముక్క కోసి, ఆకురాయితో అరగదీసి, నాలుగు దినాలు కూర్చుని తిమ్మన్న దానికొక మూతి చేసినాడు. దాంతో వచ్చిన బూట్లు పెడలుకు బిగుసుకుంటాయి. మొదటిసారి టీ హోటలు ముందర ఆగబోయి, కాలు ఊడక, నిలబడిన చోటే పక్కకు దబ్బున పడినాడు. కంపచెట్ల ముళ్ళకు వారానికి మూడు పంచర్లు. అయినా తెల్లారి ఐదింటికి, టపాకు ముందు, పొట్టేలు కొమ్ములు పట్టుకుని వంగితే గాలి వీపు మీద జారిపోయేది. బళ్ళారికి గంటా పది నిమిషాలు. రెండుసార్లు సండూరు కొండల దాకా పోయి ఘాటు రోడ్లు ఎక్కి వచ్చినాడు. ముప్పై ఐదేళ్ళ వయసులో, నోరు విప్పి చెప్పుకోలేని సంతోషం ఒకటి అతని ఒంట్లోకి వచ్చి కూర్చుంది. దాన్ని చూసి అంజలి కూడా నవ్వింది. "దాని మీద పోతాంటే నువ్వు నువ్వు కాదు, ఎవరో మాదిరి ఉంటావు" అనింది.

జూన్‌లో బెల్జియం రమ్మన్నాడు లూక్. ఏటా వాళ్ళు చందాల కోసం చేసే సైకిలు యాత్ర. నూటా ముప్పై కిలోమీటర్లు, మూడు కొండలు. "నా పక్కనే తొక్కాల అంటాండాడప్పా నువ్వు" అని రాఘవేంద్ర చెప్పినాడు. పాసుపోర్టు, వీసా, టిక్కెట్టు అన్నీ సంస్థే చూసుకుంది. తోడుగా రాఘవేంద్ర. తెల్ల సైకిలు ముక్కలుగా విడిపోయి పెట్టెలో విమానమెక్కింది. ఎట్లా బిగించాల్నో తిమ్మన్న పదిసార్లు విప్పించి బిగించి నేర్పి పంపినాడు.

బెల్జియంలో దిగిన పొద్దు వాన. మరుసటి పొద్దూ వాన. ఎవరికీ అక్కర్లేని వాన, రాళ్ళు పరిచిన వీధుల్లో పడి, మోరీల్లోకి జారి పోయింది. లూక్ ఇంటి వాకిట్లో నిలబడి ఇమ్మానుయేలు చాలాసేపు తడిసినాడు. లూక్ భార్య తువ్వాలు తెచ్చి నవ్వింది. మంచి మనుషులు. మంచం, దుప్పటి, రొట్టె, అన్నిట్లో మర్యాద ఉంది. అయితే హాల్లో గోడ మీద వెతికినాడు, అలమారా మీద వెతికినాడు. సలోమి ఫోటో యాడా కనిపించలేదు.

ఫోటో ఆ సాయంత్రం కనిపించింది. యాత్రకు ముందు పొద్దు ఊరి పెద్ద హాలులో సభ. నాలుగైదు వందల మంది. వేదిక వెనక, మనిషి ఎత్తు గుడ్డ మీద, సలోమి. బళ్ళారి స్టూడియో పూల తెర ముందర, రెండు జడలతో, భయపడిన కళ్ళతో. పక్కన ఎండిన బోరింగు, ఖాళీ బిందె. కింద వాళ్ళ భాషలో పెద్దక్షరాలు. దీపాలార్పి సినిమా వేసినారు. నల్లదిన్నె కనిపించింది, అంజలి కనిపించింది, బిందె ఎత్తుకుని పోతున్న అంజలి. ముందువరుసలో ఒకామె రుమాలుతో కళ్ళొత్తుకుంది.

ఇమ్మానుయేలు పక్కన ఒక సిస్టరు కూర్చుని ఉంది. ఫిలోమినమ్మ. కడప ప్రాంతం మనిషి, పదేళ్ళుగా ఆ ఊరి వృద్ధాశ్రమంలో పని చేస్తున్నది. తెలుగు మనిషి వచ్చినాడని విని చూడ్డానికి వచ్చింది. ఆమె అతని వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఆ పాప మీ బిడ్డేనా అన్నా?"

"అవునమ్మా. సలోమి."

"నీళ్ళు దొరక్క చనిపోయిందా?"

"నీళ్ళా? కాదమ్మా. జరం. మెదడుకెక్కింది."

సిస్టరు తెర వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసింది. "వాళ్ళట్లా చెప్పలేదన్నా. మీ ఊర్లో మూడు దినాలు నీటి చుక్క లేదంట. తల్లి ఎంత తిరిగినా బిందె నిండలేదంట. నీళ్ళున్న ఊరికి నువ్వు బిడ్డను సైకిలు మీద తీసకపోతాంటే దావలో దప్పికతో ప్రాణం పోయిందంట. ఆ పొద్దు నుంచే నువ్వు ఇంత జోరుగా తొక్కుతావంట."

ఇమ్మానుయేలుకు హాలులోని చప్పుడంతా దూరమైపోయింది. ఉరవకొండ టీ హోటలు కళ్ళ ముందు నిలిచింది. తను చెప్పింది నాలుగు మాటలు. రాఘవేంద్ర చెప్పింది చాలాసేపు. ముసలాయన ఏడ్చింది ఏ బిడ్డ కోసం?

సభ ముగిసినాక వరండాలో రాఘవేంద్రను నిలేసినాడు.

"నేనేం చెప్పినా, నువ్వేం చెప్పినావన్నా?"

రాఘవేంద్ర అటూ ఇటూ చూసినాడు. "ఏమప్పా, జరమంటే వీళ్ళకేం అర్థమైతాది? జరం ఎవరికైనా వస్తాది. దప్పికంటేనే వీళ్ళకు గుండె కరుగుతాది. ఆ మాటతోనే నల్లదిన్నెకు నీళ్ళ ట్యాంకు వస్తాండాది. ఊరందరికీ మంచి జరిగేదే కదా."

"మరి జీపు సంగతి?"

రాఘవేంద్ర ముఖంలో నవ్వు పోయింది. "చెప్పుకో. నీకి ఇంగ్లీషొస్తే పోయి చెప్పుకో" అని లోపలికి పోయినాడు.

తెల్లవారి యాత్ర బయల్దేరే చోటికి సిస్టరు వచ్చింది. రమ్మని ఇమ్మానుయేలే బతిమాలుకున్నాడు. లూక్‌ను పక్కకు పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక్కో మాటా చెప్పించినాడు. జరం. జీపు. గుంతకల్లు రైలు. అంతా విని లూక్ ఒక్కటే అడిగినాడు, అది ఏ తేదీ అని.

"జూలై పంతొమ్మిది. శుక్రవారం."

లూక్ ముఖం తెల్లగా పాలిపోయింది. సిస్టరుతో గొణిగినట్టు ఏదో అన్నాడు. ఇమ్మానుయేలు రెండోసారి అడిగితే ఆమె తెలుగులో చెప్పింది. "ఆ పొద్దు ఆ రైలు దిగింది తనేనంట."

ఇంక ఇతను లేచి నిలబడతాడు, వేదికెక్కి చెప్తాడు, ఆ గుడ్డ దించేయిస్తాడు అనుకున్నాడు ఇమ్మానుయేలు. లూక్ లేచి నిలబడినాడు. నిలబడి, చేతి గడియారం చూసుకుని, వీధి నిండా చేరిన సైకిళ్ళను చూసినాడు. రెండువేల మంది. చొక్కాల మీద సలోమి బొమ్మ. అతను మెల్లగా చెప్పిన మాటలను సిస్టరు తల వంచుకుని తెలుగు చేసింది.

"ముందే తెలిసుంటే వేరే మాట అంటున్నాడు. ఇప్పుడీ మాట బయటికొస్తే జనానికి నమ్మకం పోతాదంట. ట్యాంకు ఆగిపోతాదంట. ట్యాంకు అబద్ధం కాదు కదా, అందులో నీళ్ళు అబద్ధం కాదు కదా అంటున్నాడు. ఆ బిడ్డ విషయంలో తనకు చాలా బాధగా ఉందంట."

"నువ్వేమంటావమ్మా?"

"నేనేం చెప్పేదన్నా" అనింది సిస్టరు. "నువ్వు ఆ ఊర్లో బతకాల."

అప్పుడే ఇద్దరు పిల్లకాయలు ఒక సైకిలు నడిపించుకుంటా వచ్చినారు. తెల్లది కాదు. నల్లది, ఇనుపది, పాత సామాన్ల మనిషి ఎవరి దగ్గరో సంపాదించిన బరువు సైకిలు. దానికి అటు రెండు ఇటు రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టి ఉన్నాయి. వెనకాల రాఘవేంద్ర పంచె, తలగుడ్డ పట్టుకుని నిలబడినాడు.

"మొదటి మూడు కిలోమీటర్లు దీని మీద పోవాలప్పా, అందరి కంటే ముందు" అన్నాడు, వేరే వైపు చూస్తా. "టీవీవాళ్ళు వచ్చినారు."

"నా సైకిలు?"

"వ్యానులో ఉండాది."

పిల్లకాయల్లో ఒకడు మర్యాదగా బిందె తట్టి చూపించి ఏదో అన్నాడు. బరువుండకుండా ఖాళీవే కట్టినామని చెప్తున్నాడని సిస్టరు చెప్పింది.

ఇమ్మానుయేలు తిరగబడొచ్చు. బిందెలు తెంపి పారెయ్యొచ్చు. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు, ఎన్నిసార్లు ఆ బిందెలను మనసులో తెంపి పారేసినాడో లెక్క లేదు. ఆ పొద్దు మాత్రం అతనికి నల్లదిన్నె బోరింగు ముందర బిందెల వరస కళ్ళలో మెదిలింది. పాసుపోర్టు రాఘవేంద్ర సంచిలో ఉన్న సంగతి మెదిలింది. ఇంకొకటి కూడా మెదిలింది, దాన్ని తల్చుకుంటేనే సిగ్గు. ఇంత దూరం వచ్చి ఆ మూడు కొండలు ఎక్కకుండా పోవాల్నా అనిపించింది. పంచె కట్టుకున్నాడు. తలగుడ్డ రాఘవేంద్ర చుట్టినాడు.

బయల్దేరే గీత మీద అడ్డంగా పైన కట్టిన గుడ్డలో సలోమి ఉంది. ఆ కింది నుంచి తొక్కుకుంటా పోయినాడు. రెండు వైపులా జనం చప్పట్లు కొట్టినారు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసినాయి.

మూడు కిలోమీటర్ల కాడ వ్యాను ఆగి ఉంది. టీవీ కెమెరా ఆగింది. గుంపు ముందుకు దూసుకుపోయింది. వ్యాను మనిషి తలుపు తెరిచి, లోపల కూర్చోమని చెయ్యి చూపించినాడు. ఇమ్మానుయేలు లోపలికి వంగి తన తెల్ల సైకిలును బయటికి లాగినాడు. పంచె, తలగుడ్డ విప్పి వ్యానులో పడేసినాడు, లోపల నిక్కరు వేసుకునే ఉన్నాడు. బూట్లు బిగించుకున్నాడు. ఆ మనిషి ఏదో అరుస్తానే ఉన్నాడు.

వానలో తొక్కినాడు. మొదటి కొండ మీద గుంపు తోక అందింది. రెండో కొండ మీద గుంపు మధ్యకు చేరినాడు. దావంతా తడిరాళ్ళు, చక్రం జారుతుంది. సండూరులో నేర్చుకున్నదంతా, ఆషాఢం గాలి పదిహేనేళ్ళు నేర్పిందంతా కాళ్ళలోకి దిగింది. ఎప్పుడూ వచ్చే సంతోషం మాత్రం రాలేదు. ఎక్కడో దారి తప్పిన మనిషి కోసం ఎదురుచూసినట్టు దాని కోసం ఎదురుచూసినాడు. రాలేదు. మూడో కొండ మీద, నిలువుగా లేచిన దావలో, లూక్ కనిపించినాడు. పెడళ్ళ మీద నిలబడి రొప్పుతున్నాడు. "ఇమ్మానుయేల్!" అని పిలిచినాడు. ఇమ్మానుయేలు తల తిప్పకుండా అతన్ని దాటిపోయినాడు.

కొండ మీద డేరా. ఎక్కి వచ్చిన వాళ్ళ మెడలో ఒకామె రిబ్బను బిళ్ళ వేస్తున్నది. ఇమ్మానుయేలు వరసలో నిలబడినాడు. తలగుడ్డ లేదు, బిందెలు లేవు, ఆమె గుర్తుపట్టలేదు. అతని రొమ్ము మీద నంబరు కోసం వెతికింది. మిగతా అందరికీ ఉంది. అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఆమె చాలా మెత్తగా, ఇంగ్లీషులో, ఇది సైకిలు తొక్కేవాళ్ళకు మాత్రమే అనింది. పదో తరగతి ఇంగ్లీషుతో ఆ మాట అతనికి అర్థమైంది.

ఊరికొచ్చినాక అంజలి, "ఎట్ల జరిగింది?" అని అడిగింది.

"బాగ జరిగింది. వానొచ్చింది."

"కొండలెక్కితివా?"

"ఎక్కినా."

అంతకు మించి చెప్పలేదు. చెప్దామని నోటి దాకా వచ్చిన దినాలున్నాయి. బిడ్డ ఫోటో చూసినావా, ఆయప్ప ఇంట్లో యాడ పెట్టుకున్నాడు అని ఆమె అడిగినప్పుడు, "హాల్లో, పెద్దగా పెట్టినారు" అన్నాడు. ఆమె సంతోషపడింది. ఆ సంతోషాన్ని చూసినాక ఇంక నోరు లేవలేదు. తెల్ల సైకిలును దుప్పటి కప్పి మూలకు పెట్టినాడు.

ఆ సంవత్సరం చివరికి ట్యాంకు లేచింది. దూరంలో కొత్త బోరు వేసి పైపులు తెచ్చినారు. జనవరిలో లూక్ వచ్చి ప్రారంభం చేసినాడు. షామియానా, మైకు, ఊరందరికీ బూందీ పొట్లాలు. అంజలిని, ఇమ్మానుయేలును ముందర కుర్చీల్లో కూర్చోబెట్టి పూలదండలు వేసినారు. లూక్ తాడు లాగినాడు. తెర జరిగి పాలరాయి కనిపించింది.

అంజలి ఏడో తరగతి దాకా చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా చదివింది. "గుక్కెడు నీళ్ళు లేక కన్నుమూసిన చిన్నారి సలోమి జ్ఞాపకార్థం."

మళ్ళీ చదివింది. మొగుని వైపు తిరిగింది.

"నీకి తెలుసునా ఇది?"

అతను అబద్ధం చెప్పలేకపోయినాడు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆడికి పోయినప్పటి నుంచి."

అంజలి కుర్చీలో నుంచి లేచింది. "జరం మూడు దినాలూ గంట గంటకీ గలాసుతో పట్టించినా నా బిడ్డకి! అరమైలు పోయి మోసకొచ్చి పట్టించినా! నా ఇంట్లో కుండ ఎప్పుడన్నా ఖాళీగా ఉండెనా? చెప్పండి, ఎవరన్నా చూసినారా?" పాలరాతి వైపు చెయ్యి చాపింది. "కన్నబిడ్డ గొంతు తడపని తల్లినని రాయి మీద చెక్కిస్తిరి కదరా!" షామియానా కొయ్య కాడున్న గుండురాయి ఎత్తి పాలరాతి మీద వేసింది. ఒక మూల పగిలి రాలింది. అక్షరాలకేం కాలేదు. ఇద్దరు మగోళ్ళు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

రాఘవేంద్ర లూక్ చెవిలో ఏదో చెప్పినాడు. బిడ్డ గుర్తొచ్చి తల్లి తట్టుకోలేకపోయిందని చెప్పి ఉంటాడు. లూక్ ఇమ్మానుయేలు వైపు చూసినాడు. ఇమ్మానుయేలు లూక్ వైపు చూసినాడు. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. లూక్ తల దించుకుని పోయి కొళాయి తిప్పినాడు. నీళ్ళు దూకినాయి. జనం చప్పట్లు కొట్టినారు.

మేస్త్రీ వచ్చి పగిలిన మూలకు సిమెంటు పూసి పోయినాడు. ఊరంతా ఆ నీళ్ళే తాగింది. మంచి నీళ్ళు, ఆ మాట కాదనేదానికి లేదు. అంజలి మాత్రం ఆ కొళాయి కాడికి పోలేదు. మైలు దూరంలో ఈరన్న చేను బోరుకు పోయేది. ఇమ్మానుయేలు సైకిలు మీద తెస్తానంటే బిందె ఇయ్యలేదు. ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడేది. ఒక్కసారి మాత్రం, అన్నం పెడతా, గొంతు పెంచకుండా అనింది. "నువ్వు సైకిలు తొక్కేదానికి బిడ్డను వాళ్ళకిచ్చి వస్తివి."

అతను అన్నం కలుపుకుంటా కూర్చున్నాడు.

పొట్టేలు సైకిలును తీసకపోయి తిమ్మన్న షాపులో పెట్టినాడు, ఎవరికైనా ఇచ్చెయ్యమని. కొనేవాళ్ళు ఎవరూ రాలేదు. ముళ్ళ దావలకు పనికిరాని సైకిలు. ఆదివారం బళ్ళారి పోవడం కూడా మానుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో టపా సంచిలో బెల్జియం ముద్ర ఉన్న కవరు వచ్చింది. పైన అతని పేరే ఉంది. చేత్తో తడిమితే లోపల ఫోటోలున్నట్టు తెలిసింది. విప్పలేదు. చావిడి అరుగు మీద కూర్చుని, పెన్ను తీసి, అడ్రసు మీద గీత కొట్టి, పక్కన రాసినాడు. "తీసుకోలేదు. పంపినవారికి వాపసు." పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఎవరెవరి కవర్ల మీదో రాసిన మాట. కింద తేదీ వేసి, సంతకం చేసి సంచిలో వేసినాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి అంజలికి చెప్పినాడు. "ఆయప్ప కాగితం వాపసు పంపిస్తి" అన్నాడు.

అంజలి గడపలో కూర్చుని కొర్రలు చెరుగుతున్నది. చేట ఆపి అతని ముఖంలోకి చూసింది.

"ఇప్పుడా?" అనింది.

చేట పక్కన పెట్టి, బిందె చంకనేసుకుని, ఈరన్న చేను దావ పట్టింది.